గీటురాయి మీద బంగారం, నీళ్ల తూకంలో ఉక్కు: వారసత్వంగా వచ్చిన ఒక ఒమేగా వాచీ కథనం

నేపథ్యం

తండ్రి పోయాక అక్కాతమ్ముళ్లు ఆస్తి పంచుకున్నారు. ఇల్లు, డిపాజిట్ల లెక్క సులువుగానే తేలింది. చివరికి ఒక చేతి వాచీ దగ్గర ఆగిపోయారు. దాన్ని తమ్ముడు ఉంచుకుంటానన్నాడు, అందులో సగం విలువ అక్కకు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. ఆ సగం ఎంత అన్నదే తేలలేదు, అది తేల్చమని నా దగ్గరికి వచ్చారు. కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలన్నీ ఇక్కడ తీసేశాను. సీరియల్ నంబరులో కూడా మొదటి రెండంకెలే చెబుతున్నాను.

వాచీ ఒమేగా కాన్‌స్టలేషన్, ఆటోమేటిక్, తేదీ లేనిది. నడుమ చదునుగా ఉండి అంచుల వైపు పన్నెండు పలకలుగా వాలే డయల్. సేకరించేవాళ్లు పై-పాన్ అనేది దీన్నే. బంగారు రంగు కేస్, వ్యాసం 35 మిల్లీమీటర్లకు కాస్త లోపు, పట్టీ పట్టే లగ్‌ల మధ్య 18. వెనక మూత మీద ఎనిమిది నక్షత్రాల కింద అబ్జర్వేటరీ బొమ్మ ఉన్న పతకం. డయల్ అంచుల్లో గోధుమరంగు మచ్చలు.

ఇంట్లో ఈ వాచీ గురించి మూడు మాటలు స్థిరపడిపోయాయి: 1958లో తండ్రి పెళ్లికి వచ్చిన కానుక అని, మొత్తం బంగారమని, ఇంతవరకు ఎవరూ విప్పలేదని. ఇలాంటి మాటలను నమ్మేయను, కొట్టిపారెయ్యను. వాటిలో ప్రతిదీ పరీక్షకు నిలబెట్టదగ్గ ఒక ప్రతిపాదన. తప్పని తేలినా దానివల్ల ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

అసలు చిక్కు

నా దగ్గరికి వచ్చేసరికే వాళ్లు మూడు పనులు చేసి ఉన్నారు.

మొదటిది, ఫోన్‌తో తీసిన ఫొటోలు కొందరు వ్యాపారులకు పంపి ధర అడిగారు. అందరికంటే ఎక్కువ చెప్పిన అంకె, అందరికంటే తక్కువ చెప్పినదానికి దాదాపు మూడు రెట్లు. అక్క దగ్గర పెద్ద అంకె, తమ్ముడి దగ్గర చిన్న అంకె. ఇద్దరూ ఎదుటివాళ్లు దాస్తున్నారనుకున్నారు. నిజానికి ఆ వ్యాపారుల్లో ఎవరూ అబద్ధమాడలేదు. ఒకరు కేస్ ఘన బంగారమనుకుని చెప్పారు, ఒకరు బంగారు తొడుగు అనుకుని చెప్పారు, ఇంకొకరు ఫొటోలో డయల్ అక్షరాలు విరిగినట్టు కనిపిస్తే ఇది మళ్లీ రంగు వేయించిన డయల్ (రీ-డయల్) అని తేల్చేశారు. వాళ్లు వేర్వేరు వాచీలకు ధర కట్టారన్నమాట.

రెండోది, ఒక బంగారు దుకాణంలో గీటురాయి మీద లగ్ పక్కభాగంతో గీత గీయించారు. గీత 14 క్యారెట్ల బంగారాన్ని పరీక్షించే ఆమ్లానికి కరగకుండా నిలిచింది. తర్వాత వాచీని మెషిన్, అద్దంతో సహా కాటాలో పెట్టి బంగారం లెక్క కట్టారు.

మూడోది ఇంకా పూర్తికాలేదు, అదే అదృష్టం. వాచీలు బాగుచేసే ఒకాయన, అమ్మినా ఉంచుకున్నా ముందు కేస్ పాలిష్ చేయించి డయల్‌కు కొత్త రంగు వేయిస్తే విలువ పెరుగుతుందన్నాడు. తమ్ముడు ఒప్పుకున్నాడు, అక్క ఆపింది. అందం మీద పట్టింపుతో కాదు, ఆ ఖర్చు ఎవరు పెట్టాలో తేలలేదని.

ఏ వరుసలో చూడాలి

‘ఇది అసలుదా, నకిలీదా’ అన్న ప్రశ్నకు పాత వాచీల విషయంలో చాలాసార్లు సమాధానం ఉండదు. అరవై ఏళ్ల వాచీ అంటే ఒకే వస్తువు కాదు. కేస్, మెషిన్, డయల్ అనే మూడు పెద్ద భాగాలు, వాటితోపాటు ముళ్లు, కీ ఇచ్చే మర (క్రౌన్), అద్దం లాంటి చిన్నవి. ఇవన్నీ కలిసే పుట్టాయని ఏమీ లేదు. ఒక్కోదాని వయసు విడిగా తేల్చి, ఆ వయసులు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా అని చూడాలి. విలువ ఆ పొత్తులో ఉంటుంది. ఒక్క భాగం అసలుదైనంత మాత్రాన మిగతావాటికి పూచీ ఏమీ లేదు.

వరుస విషయంలో ఒకటే సూత్రం పాటించాను: వెనక్కి తీసుకోలేని పని చివర. ముందు ముట్టుకోకుండా కొలతలు, ఫొటోలు. ఆ తర్వాత వెనక మూత తెరిచి చదవగలిగినంత చదవడం. మెషిన్ బయటికి తీసి డయల్ విప్పడం, దానికి తప్ప సమాధానం దొరకని ప్రశ్న మిగిలితేనే. ఇద్దరు వారసుల సంతకాలూ ప్రతి దశకు ముందే తీసుకున్నాను. ఒక్కరి అనుమతితో విప్పిన వాచీ మీద రెండోవారు ఎప్పుడైనా అనుమానపడొచ్చు.

వెనక మూత లోపల

మూత అంచు చూడకుండా ఏ పరికరమూ చేతిలోకి తీసుకోకూడదు. గాడులు ఉంటే మరతో తిప్పే మూత, సన్నని పెదవి ఉంటే కత్తితో లేపే మూత. తప్పు పరికరం జారితే పతకం మీద పడే గీత శాశ్వతం. ఈ వాచీ పతకం మీద అబ్జర్వేటరీ గుమ్మటం గీతలు అప్పటికే సగం అరిగి ఉన్నాయి. ఎన్నోసార్లు పాలిష్ పడిందని మూత తెరవకముందే తెలిసింది.

లోపలివైపు ఒమేగా ముద్ర, స్టెయిన్‌లెస్ స్టీల్ అని ఫ్రెంచిలో, కింద 167.005 అన్న రిఫరెన్స్ (మోడల్ నంబరు). ఒమేగా 1962 ప్రాంతంలో తెచ్చిన కొత్త అంకెల పద్ధతి ఇది. మొదటి 1 మగవాళ్ల వాచీకి, 6 నడుమ సెకన్ల ముల్లున్న ఆటోమేటిక్‌కు, 7 నీరు చొరని క్రోనోమీటర్‌కు (కచ్చితత్వ పరీక్షలో నెగ్గి సర్టిఫికెట్ పొందిన వాచీ). తేదీ కూడా చూపే క్రోనోమీటర్ అయితే మూడో అంకె 8 అయ్యేది, క్రోనోమీటర్ కాని మామూలు ఆటోమేటిక్ అయితే 5. అంటే రిఫరెన్స్ చదవగానే రెండు విషయాలు తేలాయి: డయల్ మీద క్రోనోమీటర్ అన్న మాట ఉండాల్సిందే, లోపలి మెషిన్ కూడా క్రోనోమీటర్ దర్జాదే కావాలి. ఇక 1958 పెళ్లి కానుక అన్న మాట ఇక్కడే పడిపోయింది.

మూత లోపలే మరో మూడు గుర్తులు ఉన్నాయి, సూదితో గీకినట్టు. వాచీ విప్పిన ప్రతిసారీ చాలామంది పనివాళ్లు అలా ఒక సంకేతం గీస్తారు. రెండు చదవడానికి వీల్లేదు. మూడోది 11-97. ‘ఎవరూ విప్పలేదు’ అన్న మాటకు ఇది జవాబు. ఈ తేదీ తర్వాత ముళ్ల దగ్గర బాగా పనికొచ్చింది.

మెషిన్

వాచీకి దానంతటదే కీ ఇచ్చే తిరుగుడు బరువును, అంటే రోటర్‌ను వేలితో మెల్లగా పక్కకు తిప్పితే బ్రిడ్జిల (చక్రాలను పట్టి ఉంచే పలకల) మీద కేలిబర్ (మెషిన్ రకం) 551 అని, 24 జ్యువెల్స్ (ఇరుసులు అరగకుండా పెట్టే రాళ్లు) అని, అయిదు స్థితుల్లో, ఉష్ణోగ్రతకు సరిచేసినట్టు రాత, సీరియల్ కనిపించాయి. సీరియల్ 20తో మొదలయ్యే ఎనిమిదంకెలది. ఒమేగా సీరియల్ పట్టికల ప్రకారం అది దాదాపు 1963. నంబర్లు గుత్తులుగా కేటాయించేవాళ్లు కాబట్టి ఒకటి రెండేళ్లు అటూ ఇటూ అనుకోవాలి. రిఫరెన్స్ చెప్పిన కాలంతో ఇది చక్కగా కుదిరింది.

కేలిబర్ అంకె చివరిదాకా ఎందుకు చదవాలంటే, ఇదే కుటుంబంలో 552 కూడా ఉంది. అదీ 24 జ్యువెల్స్, అదే పరిమాణం, అదే రాగి ఛాయ. ఈ కేస్‌లో ఇట్టే కూర్చుంటుంది. కాని అది ఒమేగాదే అయిన సీమాస్టర్ లాంటి మామూలు ఆటోమేటిక్‌ల మెషిన్, క్రోనోమీటర్ సర్టిఫికెట్‌కు వెళ్లినది కాదు. పాడైన 551 తీసేసి 552 పెట్టిన కాన్‌స్టలేషన్లు మార్కెట్లో తరచుగా తగులుతాయి. ‘ఒమేగా కేస్‌లో ఒమేగా మెషిన్, 24 జ్యువెల్స్’ అని తృప్తిపడితే అలాంటివి దాటిపోతాయి. ఒక్క బ్రిడ్జి మార్చి 551గా చూపించే మోసమూ ఉంటుంది. అందుకే రాత ఉన్న బ్రిడ్జి ఛాయ పక్క బ్రిడ్జిల ఛాయతో, కింది ప్లేటు ఛాయతో కలుస్తోందా అని ఒకే వెలుతురులో చూశాను. అన్నీ ఒకే గులాబి రాగి రంగు. స్క్రూ తలల గాడుల్లో చిన్న చిన్న చిట్లిన ఆనవాళ్లు, క్రౌన్ కడ్డీ దగ్గర తుప్పు పొడి.

వాచీ నడకను కొలిచే యంత్రం టైమ్‌గ్రాఫర్ మీద పెట్టేముందు లిఫ్ట్ యాంగిల్ (ఊగే చక్రం ప్రతి ఊపులో నెట్టు అందుకునే కోణం) 49 డిగ్రీలకు మార్చాలి. యంత్రాలు మామూలుగా 52 దగ్గర ఉంటాయి. అలాగే వదిలేస్తే యాంప్లిట్యూడ్, అంటే ఆ చక్రం ఊగే కోణం, అసలుకంటే ఆరు శాతం ఎక్కువ చూపిస్తుంది. పూర్తిగా కీ ఇచ్చి, డయల్ పైకి ఉంచితే 214 డిగ్రీలు వచ్చింది. 52 దగ్గరే వదిలి ఉంటే 227 అని కనిపించేది. నిలబెడితే 180కి కిందికి జారింది. రోజుకు 35 సెకన్ల వెనకడుగు, బీట్ ఎర్రర్ (టిక్, టాక్‌ల మధ్య ఎడంలో తేడా) 1.9 మిల్లీసెకన్లు. నూనెలు ఎండిపోయిన మెషిన్ లక్షణాలివి. విరిగినదేమీ లేదు. ‘చక్కగా నడుస్తోంది’ అన్న మాటకు విలువ కట్టేటప్పుడు బరువు లేదు. ఎండిన నూనెతో నడిచే ప్రతి నెలా ఇరుసులను అరగదీస్తుంది. ఓవర్‌హాల్ (మొత్తం విప్పి శుభ్రం చేసి నూనె వేయడం) ఖర్చును తీసివేతల్లో రాసుకున్నాను.

ఏవి పనికిరాలేదు

డయల్ అసలుదా కాదా అన్నదే ఈ వాచీ విలువలో పెద్ద భాగం. అక్కడే సులువైన పద్ధతులన్నీ చేతులెత్తేశాయి.

ఫొటోలతో పోల్చడం ముందు ఓడిపోయింది. ఇదే రిఫరెన్స్ ఉన్న డయల్ ఫొటోలు పక్కన పెట్టి అక్షరాలు పోలిస్తే కొన్ని కలుస్తాయి, కొన్ని కలవవు. ఒకే మోడల్‌కు డయల్ ముద్రణలో తేడాలు ఉండేవి. అమ్మకానికి పెట్టిన ఫొటోల్లో రంగు వేయించినవి కూడా అసలువిగానే తిరుగుతుంటాయి. పోలిక పెట్టే నమూనాయే నమ్మదగ్గది కానప్పుడు అందులో వచ్చే తేడాకు అర్థం లేదు.

అతినీలలోహిత (యూవీ) దీపం కింద డయల్ మచ్చలు మచ్చలుగా మెరిసింది. పాత లక్క పొర ఆక్సీకరణ చెందినా అలాగే మెరుస్తుంది, తర్వాతెవరో పూసిన వార్నిష్ ఉన్నా అలాగే మెరుస్తుంది. డయల్ వరకు ఈ పరీక్షను పక్కనపెట్టాను.

కాగితం సంగతి కూడా చెప్పాలి. తయారీదారు ఆర్కైవ్ నుంచి వచ్చే సారాంశం ఉంటే తగువు తీరిపోతుందని తమ్ముడి ఆశ. ఆ కాగితం ఆ సీరియల్ ఉన్న మెషిన్ ఏ రిఫరెన్స్‌లో, ఎప్పుడు తయారైందో చెబుతుంది. ఈ రోజు కేస్‌లో ఉన్న డయల్, ముళ్లు ఆ రోజువే అని చెప్పదు, చెప్పలేదు. 2021లో జెనీవా వేలంలో 30 లక్షల స్విస్ ఫ్రాంకులు దాటిన ఒక ఒమేగా వాచీ, స్పీడ్‌మాస్టర్ 2915-1, వేర్వేరు వాచీల భాగాలతో కూర్చినదని 2023లో ఒమేగానే ప్రకటించింది. పేరున్న వేలం, పెద్ద ధర, అన్నీ ఉన్నా వస్తువును వస్తువుగా చూడక తప్పదు.

డయల్

ఫొటో చూసి రీ-డయల్ అన్న వ్యాపారి చెప్పిన కారణం నిజమే: ‘అఫీషియల్లీ సర్టిఫైడ్’ వరుసలో మూడు నాలుగు అక్షరాలు విరిగి ఉన్నాయి. 10 రెట్ల లూప్‌లో (కంటికి ఆనించే భూతద్దంలో) కూడా విరిగే కనిపించాయి. 30 రెట్ల స్టీరియో మైక్రోస్కోప్ కింద పెడితే లెక్క మారింది. విరుపు సిరాలో లేదు, సిరా కింది లక్క పొరలో ఉంది. వెంట్రుక కంటే సన్నని పగులు ఒక అక్షరానికి ఎడమవైపున మొదలై, అక్షరం గుండా పోయి, కుడివైపు ఇంకా కొంచెం సాగింది. పగిలిన చోట లక్కతోపాటు సిరా కూడా రెండుగా విడిపోయింది. పాత డయల్ మీద కొత్తగా ముద్రిస్తే సిరా పగులులోకి దిగుతుంది, లేదా రంగు పొర పగులును ముందే పూడ్చేస్తుంది. సిరా, లక్క కలిసి చీలాయంటే అవి కలిసే ముసలివయ్యాయి.

పలకల అంచులూ అదే చెప్పాయి. పై-పాన్ డయల్‌ను గీకి మళ్లీ రంగు పూస్తే పన్నెండు మడతల పదును పోతుంది, మూలల్లో రంగు పేరుకుంటుంది. ఇక్కడ మడతలు ఇంకా గీత గీసినట్టున్నాయి. గోధుమ మచ్చలు అంచు చుట్టూ ఒత్తుగా, నడుమకు వచ్చేసరికి పలచగా ఉన్నాయి. అద్దం అంచు నుంచి తేమ చొరబడిందనడానికి సరిపోయే తీరు. ఆ మచ్చలు అక్షరాల మీదుగా కూడా పాకాయి.

ఇంత చూశాక కూడా విప్పకుండా తీర్పు రాయొచ్చు. కాని ఇక్కడ ఒక వ్యాపారి రాతపూర్వకంగా రీ-డయల్ అని ఇచ్చి ఉన్నాడు, అక్కాతమ్ముళ్ల మధ్య తేడా మొత్తం దాదాపు ఆ ఒక్క మాట మీదే ఆధారపడింది. అందుకని డయల్ తీయడానికి అనుమతి అడిగాను.

ముళ్లు తీసేముందు డయల్ మీద పలచని ప్లాస్టిక్ పొర పరవాలి. లేకపోతే పరికరం ఆనిన చోట లక్క రాలుతుంది. పాత లక్క పొడి బిస్కెట్టంత పెళుసు. డయల్‌ను పట్టి ఉంచే రెండు స్క్రూలను మెషిన్ అంచు నుంచి వదులు చేయాలి గాని పూర్తిగా తీయనక్కర్లేదు. డయల్ వెనక చూడాల్సినవి నాలుగు. మొదటిది, గంటలను చూపే నిలువు గుర్తులను డయల్‌కు బిగించిన రివెట్లు. రంగు వేయాలంటే ఆ గుర్తులన్నీ పీకాల్సిందే, తర్వాత మళ్లీ గుచ్చి, చాలావరకు జిగురుతో అతకాలి. ఇక్కడ రివెట్ తలలన్నీ ఒకే తీరున, కదలకుండా, జిగురు ఆనవాలు లేకుండా ఉన్నాయి. రెండోది, డయల్‌ను మెషిన్‌లో నిలిపే చిన్న కాళ్ల దగ్గర మళ్లీ టంకం వేసిన జాడ, లేదు. మూడోది, నడుమ రంధ్రం లోపలి గోడ మీదికి రంగు జారిందా. లేదు, లోహం బయటికి కనిపిస్తోంది. నాలుగోది, రంగు వేసేటప్పుడు దిక్కు కోసం కొందరు అంచున కోసే చిన్న గాటు, అదీ లేదు.

అసలు డయల్. మచ్చలు పడినది, అయినా అసలుది. దీనికే రంగు వేయించబోయారు.

ముళ్లు, క్రౌన్, అద్దం

నిమిషాల ముల్లు, గంటల ముల్లు పొడవునా నడుమ సన్నని గాడి, అందులో మెరిసే పదార్థం. డయల్ మీద మెరిసే చుక్క ఒక్కటి కూడా లేదు, కింద ‘స్విస్ మేడ్’ పక్కన ట్రిటియంను (మెరుపు పూతల్లో వాడిన రేడియోధార్మిక పదార్థాన్ని) సూచించే టీ అక్షరాలూ లేవు. ఆ కాలపు వాచీలో డయల్‌కు లేని మెరుపు ముళ్లకు ఉండడం మొదటి అనుమానం. అతినీల దీపం ఇక్కడ పనికొచ్చింది. ట్రిటియం అర్ధజీవితకాలం (బలం సగానికి తగ్గే కాలం) 12.3 ఏళ్లు, 1963 నాటి పూత ఏనాడో నీరసించిపోవాలి. దీపం పెట్టినప్పుడు వెలిగినా ఆర్పగానే ఆరిపోతుంది. ఈ ముళ్లు దీపం ఆర్పాక కూడా చీకట్లో నిమిషాల తరబడి వెలిగాయి. ట్రిటియం స్థానంలో 1990లలో వచ్చిన స్ట్రాన్షియం అల్యూమినేట్ పూతల తీరు అది. మూతలో గీసిన 11-97 గుర్తుంది కదా. ముళ్లు ఆ సర్వీసులోనో ఆ తర్వాతో మారాయి. ఇలాంటి వాచీల మీద మెరుపు పూత కనిపిస్తే గీకి చూడకూడదు. పాతది రేడియోధార్మికమైన రేడియం కావచ్చు, దాని అర్ధజీవితకాలం 1600 ఏళ్లు.

క్రౌన్ మీద ఒమేగా గుర్తు ఉంది, కాని గుండ్రనిది, సన్నని గాడులున్నది. ఈ మోడల్‌కు తగినది పది పలకల క్రౌన్. అద్దం నడుమ లోపలివైపు ఉండాల్సిన, లూప్‌లో మాత్రమే కనిపించే బుల్లి ఒమేగా గుర్తు లేదు, కాబట్టి అదీ తర్వాతిదే. అద్దం మారడం పెద్ద విషయం కాదు, అరిగిపోయే భాగమే.

బంగారం తగువు

అక్క నమ్మకానికి గీటురాయి సాక్ష్యం ఉంది. ఆ సాక్ష్యం అబద్ధం కాదు, దాని ముందు పెట్టిన ప్రశ్నే తప్పు. గీటురాయి పైపొర ఏమిటో చెబుతుంది. ఈ కేస్ ఉక్కు మీద 14 క్యారెట్ల బంగారు రేకు తొడిగినది. పూతలాంటి పలచని పొర కాదు, నిజమైన రేకు. గీత గీస్తే బంగారమే అంటుకుంటుంది. ఎక్స్-కిరణాలతో లోహాన్ని గుర్తించే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం పెట్టినా అదే చెప్పేది, ఎందుకంటే అది బంగారంలో కొన్ని మైక్రాన్ల లోతు దాటి చూడలేదు.

ఆధారాలు మూడు దిక్కుల నుంచి వచ్చాయి. ఘన బంగారు స్విస్ కేస్ అయితే ఆ రోజుల్లో అధికారిక ముద్ర ఉండేది: 18 క్యారెట్లకు స్విట్జర్లాండ్ ప్రతీక అయిన హెల్వీషియా అనే స్త్రీమూర్తి తల, 14 క్యారెట్లకు ఉడుత. ఇక్కడ ఏదీ లేదు, మూత లోపల ఉక్కు అనే రాసి ఉంది. మూత ఒక్కటే ఉక్కుదై ఉండొచ్చుగా అన్నది అక్క ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే, మూత మారి ఉండొచ్చు కూడా. లగ్‌ల అడుగున లూప్ పెడితే రేకు ఎక్కడ ముగిసిందో సన్నని మెట్టులా కనిపించింది. రెండు లగ్‌ల కొనల మీద పాలిష్ రేకును తినేసి బూడిద రంగు ఉక్కు బయటపడింది.

మెషిన్ ఎలాగూ బయట ఉంది కాబట్టి సాంద్రత కూడా కొలిచాను. అద్దం, క్రౌన్ గొట్టం రబ్బరు, మూత అన్నీ తీసేసిన ఖాళీ కేస్ నడుమ భాగం గాలిలో 9.24 గ్రాములు. దారంతో కట్టి నీళ్లలో వేలాడదీస్తే 1.10 గ్రాములు తగ్గింది, అంటే దాని ఘనపరిమాణం 1.10 ఘన సెంటీమీటర్లు. 9.24ను 1.10తో భాగిస్తే 8.4. ఉక్కు సాంద్రత 8కి కాస్త కింద, 14 క్యారెట్ల బంగారం 13 ప్రాంతం, 18 క్యారెట్లది 15 దాటుతుంది. 8.4 అంటే ఉక్కు, దాని మీద కొంచెం బంగారం. నీటి బుడగ ఒక్కటి అంటుకున్నా అంకె తప్పుతుంది, అందుకే నీళ్లలో ఒక చుక్క సబ్బు కలపాలి, లగ్ రంధ్రాల్లో బుడగలు కుంచెతో తీసేయాలి. మెషిన్ ఉన్న వాచీని మాత్రం ఎప్పుడూ ఇలా కొలవకూడదు.

అక్క ఆ లెక్క తనే మళ్లీ వేసుకుంది. ఆ తర్వాత బంగారం మాట ఎత్తలేదు.

1958 మాట

పెళ్లి ఫొటో ఒకటి ఉందన్నారు. అసలు ప్రింటును 1200 డీపీఐలో స్కాన్ చేయిస్తే, తండ్రి మణికట్టు మీద వాచీ కనిపించింది. ఆరు దగ్గర చిన్న సెకన్ల వలయం ఉంది. మన వాచీకి సెకన్ల ముల్లు నడుమ ఉంది. పెళ్లి నాటి వాచీ వేరు, ఇది తర్వాత వచ్చింది. నివేదికలో ‘కుటుంబ కథనం తప్పు’ అని రాయలేదు. ‘పెళ్లికి ఒక వాచీ వచ్చిందన్నదానికి ఫొటో సాక్ష్యం ఉంది, ఆ వాచీ ఇది కాదు’ అని రాశాను. విలువలో ఈ కథకు చేర్చింది సున్నా.

విలువ ఎలా కట్టాం

ఏ విలువ అన్నది ముందు తేలాలి. బీమాకు కావలసింది అలాంటిదే మరొకటి దుకాణంలో కొనే ధర, అది పైమెట్టు. వ్యాపారి రేపు చేతిలో పెట్టే డబ్బు కిందిమెట్టు. వారసుల మధ్య పంపకానికి తొందర లేని అమ్మకందారు, తెలిసిన కొనుగోలుదారు మధ్య కుదిరే ధర సరైనది. ఇద్దరూ దీనికి సంతకం పెట్టాకే అంకెల్లోకి దిగాను. అంకె చూశాక నిర్వచనం ఎంచుకుంటే ఎవరికి లాభమో వాళ్లు దాన్నే పట్టుకుంటారు.

పోలికకు అమ్ముడైన ధరలే తీసుకున్నాను. అడిగే ధర అమ్మేవాడి ఆశ; అమ్ముడుపోని వాచీయే నెలల తరబడి తెర మీద కనిపిస్తుంది. వేలం ఫలితాల్లో కొనేవాళ్ల కమిషన్ కలిపి ఉందా లేదా చూసి అన్నీ ఒకే పద్ధతికి మార్చాను. ఉక్కు కేస్, ఘన బంగారం కేస్ ఫలితాలు పూర్తిగా తీసేశాను. రిఫరెన్స్ ఒకటే అయినా అవి వేరే మార్కెట్లు. మిగిలినవి కొద్దే. కొద్దివైనా సరైనవి.

తొడుగు కేస్, అసలు డయల్, అసలు ముళ్లు, పాలిష్ పడని అంచులు, సర్వీసు అయినది: దీన్ని 100 అనుకుందాం. ఇక్కడి నుంచి తగ్గించేటప్పుడు ప్రతి లోపానికీ ఒక శాతం అని గుడ్డిగా తీసెయ్యకూడదు. సరిదిద్దగల లోపానికి సరిదిద్దే ఖర్చు తీసేయాలి: ఓవర్‌హాల్, సరైన ముళ్లు, పది పలకల క్రౌన్, వాటిని వెతికే శ్రమ. సరిదిద్దలేని లోపానికి అలాంటి లోపం ఉన్నవి ఎంత తక్కువకు అమ్ముడయ్యాయో చూసి తీసేయాలి: అరిగిన అంచులు, బయటపడ్డ ఉక్కు, డయల్ మచ్చలు. మొదటి రకం ఈ వాచీకి 18 ప్రాంతం అయింది, రెండో రకం 20 నుంచి 26. మిగిలింది 56 నుంచి 62. పంపకానికి 59 తీసుకున్నారు. డయల్‌కు రంగు వేయించి ఉంటే అది సరిదిద్దలేని లోపాల్లో చేరేది. నేను చూసిన ఫలితాలను బట్టి అంకె 40కి దిగువకు పోయేది, పైగా రంగు వేసిన ఖర్చు అదనం.

వ్యాపారులు చెప్పిన అంకెలు ఇదే కొలబద్ద మీద పెడితే రెండు కొసలూ ఎందుకు అంత దూరమో అక్కాతమ్ముళ్లకే తెలిసింది.

ఈ కేసు నుంచి తీసుకోదగ్గవి

విలువ కట్టకముందు సర్వీసు, పాలిష్, రంగు ఏదీ వద్దు. నడుస్తున్నా సరే వాచీని ఆపి ఉంచడమే మేలు. తొడుగు కేస్‌కు పాలిష్ ఎప్పటికీ వద్దు. రేకు ఒకసారి తినేశాక దాన్ని తిరిగి పెట్టే దారి లేదు. బంగారమా కాదా అన్న అనుమానం ఉంటే గీటురాయి కంటే ముందు లగ్ అడుగున లూప్ పెట్టాలి.

డయల్ మీద మరకకూ పునర్ముద్రణకూ తేడా ఫొటోలో తేలదు. అలాంటప్పుడు ‘ఫొటో ఆధారంగా చెప్పలేం’ అనడమే సరైన నివేదిక. ఎవరైనా ఫొటో చూసి గట్టిగా చెబితే వాళ్లు ఏ ఊహ మీద చెబుతున్నారో అడిగి రాయించుకోవాలి.

వాచీ తమ్ముడి దగ్గరే ఉండిపోయింది. ఓవర్‌హాల్‌కు ఇచ్చేటప్పుడు జాబ్ కార్డు మీద రాయించిన షరతులు ఇవి: కేస్, మూత ముట్టుకోరాదు, డయల్‌ను తుడవడం గాని, ఏ ద్రావకంలోనైనా ముంచడం గాని చేయరాదు, మార్చిన ప్రతి పాత భాగాన్నీ, ఇప్పుడున్న ముళ్లతో సహా, చిన్న కవరులో వేసి తిరిగి ఇవ్వాలి, మూత లోపల కొత్త గుర్తు గీయరాదు, తేదీ బిల్లు మీద రాస్తే చాలు. నీరు చొరకుండా మూతకు పెట్టే రబ్బరు (గ్యాస్కెట్) కొత్తది వేసినా దీన్ని నీటికి దూరంగానే ఉంచాలి. అద్దం అంచు నుంచి తేమ చొరబడ్డ దారి పూర్తిగా మూసుకుందన్న భరోసా లేదు, ఆ లక్క మరో మచ్చను తట్టుకునే స్థితిలోనూ లేదు.